కోవ్: సాగనంపిన ఊరు

ఈ ఊరి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ (Cobh) చూసి అందరూ కోబ్ అంటారు, నేనూ అన్నాను. ఐరిష్‌లో అది కోవ్. ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో రైలెక్కితే పాతిక నిమిషాలు. కిటికీ సీటు దొరికితే వదలొద్దు, చివర్లో పట్టాల పక్కనే నీళ్లు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మని తీసుకుని రెండు రోజులు ఉండి వచ్చాను.

ముందు బస సంగతి. "స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక" అని చూసి ఓ గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. ఐదు నిమిషాలు నిజమే, దిగేటప్పుడు! ఊరంతా కొండవాలు మీద ఉంది. సూట్‌కేసు లాక్కుంటూ, అమ్మ మోకాళ్ల కోసం ఆగుతూ ఎక్కేసరికి అరగంట పట్టింది. పెద్దవాళ్లతో వెళ్తే రేవు ఒడ్డునే గది తీసుకోండి, రేటు కాస్త ఎక్కువైనా సరే.

1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్లాక ఊరి పేరు క్వీన్స్‌టౌన్‌గా మారింది. 1920లో, బ్రిటిష్ వాళ్లతో పోరు నడుస్తుండగానే, ఆ పేరు తీసేశారు. టైటానిక్ చివరిగా ఆగింది ఇక్కడే, 1912 ఏప్రిల్ 11న. ఓడ పెద్దది కాబట్టి రేవు బయటే లంగరు వేస్తే, ఇక్కడ ఎక్కిన 123 మందిని చిన్న పడవల్లో తీసుకెళ్లారు. టైటానిక్ నడిపిన వైట్ స్టార్ లైన్ కంపెనీ అప్పటి ఆఫీసే ఇప్పుడు మ్యూజియం. లోపలికి వెళ్లేటప్పుడు ఒక నిజమైన ప్రయాణికుడి పేరున్న కార్డు చేతికిస్తారు. అతను బతికాడో లేదో చివర్లో తెలుస్తుంది. అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు. "చచ్చిపోయినవాళ్లతో ఆటలేంట్రా?" అంది. వెనకవైపు మాత్రం తప్పకుండా చూడండి. జనం పడవెక్కిన చెక్క వంతెన తాలూకు గుంజలు నీళ్లలో పుచ్చిపోయి, నల్లగా, ఇంకా నిలబడే ఉన్నాయి.

ఒక్కటే చూసే టైముంటే స్టేషన్‌ని ఆనుకుని ఉన్న, వలసల చరిత్ర చూపించే హెరిటేజ్ సెంటర్‌కి నా ఓటు. 1848 నుంచి 1950 దాకా ఐర్లాండ్ వదిలిన సుమారు 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఈ రేవు నుంచే వెళ్లారు. ఆ కాలంలో అమెరికా వెళ్లేవాడికి ముందురోజు రాత్రి ఊళ్లో జాగారం చేసేవాళ్లట, చనిపోయినవాళ్ల దగ్గర కూర్చున్నట్టే. మళ్లీ చూస్తామన్న ఆశ లేదు మరి. బయట ఆనీ మూర్ విగ్రహం ఉంది. ఇద్దరు తమ్ముళ్లని వెంటబెట్టుకుని ఇక్కడ ఓడెక్కి, 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రంలో మొట్టమొదటగా దిగిన పిల్ల. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. "శంషాబాద్‌లో లోపలికి పోతూ నువ్వు ఒక్కసారైనా వెనక్కి చూడలేదు" అంది. లగేజీ టెన్షన్‌లో ఉన్నానని చెప్పాను.

సెయింట్ కోల్మన్ కేథడ్రల్ కట్టడం 1868లో మొదలైంది, పూర్తవడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. గోపురంలో మోగే గంటలు 49 ఉన్నాయి. కింద మెట్టుమెట్టుగా దిగే రంగురంగుల ఇళ్ల వరసని పేకముక్కలంటారు. ఫోటోలకి వెస్ట్ వ్యూ పార్కు దగ్గర నిలబడాలి, రద్దీ లేనప్పుడైతే ఇంకా మంచిది.

రెండో రోజు స్పైక్ ఐలాండ్ పాత జైలుకి పడవలో వెళ్దామనుకున్నాం. దానికి సగం రోజు కావాలి. అది మానుకుని, ఊరి బయటున్న పాత స్మశానానికి టాక్సీలో వెళ్లాం. 1915 మే 7న జర్మన్ల టార్పెడో తగిలి లూసిటానియా అనే ప్రయాణికుల ఓడ మునిగితే, ఒడ్డుకు చేర్చిన శవాల్లో నూట యాభైకి పైగా ఇక్కడ పూడ్చారు, ఎక్కువమందిని మూడు ఉమ్మడి గోతుల్లో. ఇదే కార్క్ తీరానికి దూరంగా 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలిపోయి 329 మంది పోయారు. అప్పుడు వెతకడానికి వెళ్లినవాళ్లలో ఐరిష్ నౌకాదళం కూడా ఉంది. ఆ సంగతి చెబితే అమ్మ చెప్పులు విడిచి, గడ్డి మీద కాసేపు కూర్చుంది. టాక్సీ అతను మీటరు ఆపేసి ఎదురుచూశాడు.