టేపు నుంచి డీవీడీకి: కంప్యూటరా, రికార్డరా?

పాత వీహెచ్‌ఎస్ టేపులను డీవీడీకి ఎక్కించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, టేపులోని దృశ్యాన్ని కంప్యూటర్ ఫైలుగా మార్చే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో వీసీఆర్‌ను (టేపు ఆడించే యంత్రాన్ని) కంప్యూటర్‌కు కలపడం. రెండోది, వీసీఆర్ నుంచి నేరుగా డీవీడీ రికార్డర్‌కు ఇవ్వడం. సమయం కలిసివస్తుందని మాత్రం ఆశపడకండి. ఎటు వెళ్లినా రెండు గంటల టేపు రెండు గంటలూ ఆడాల్సిందే.

రికార్డర్‌తో పని తేలిక. మీట నొక్కి మరో పని చూసుకోవచ్చు. కాకపోతే మధ్యలో పది నిమిషాలు వట్టి చుక్కల తెర వచ్చినా అదీ భక్తిగా రికార్డవుతుంది. 4.7 జీబీ డిస్కులో మంచి నాణ్యతతో పట్టేది సుమారు రెండు గంటలే. నాలుగు గంటలు కుక్కితే కదిలే ముఖాలు గళ్లుగళ్లుగా చెదురుతాయి.

కంప్యూటర్ దారిలో తలనొప్పి ముందే మొదలవుతుంది. అరిగిన టేపు తడబడిన చోట చవక పరికరం ఫ్రేములు వదిలేస్తుంది. గంట గడిచేసరికి పెదవులు ముందు కదులుతాయి, మాట తర్వాత వినిపిస్తుంది. అందుకే ఫైలు చివర్లో ఎవరైనా చప్పట్లు కొట్టే చోటు వెతికి, శబ్దం సరిపోతుందో లేదో చూడాలి. ఆ గండం దాటితే మిగతాదంతా లాభమే. వీడియోను తక్కువగా కుదించే డీవీ ఫార్మాట్‌లో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది, నిజమే. కానీ అనవసరమైనది కత్తిరించవచ్చు, అధ్యాయాలు పెట్టవచ్చు, డిస్కు పాడైతే ఇంకొకటి రాసుకోవచ్చు.

నా ఓటు కంప్యూటర్‌కే. టేపు మరీ వణుకుతుంటే మాత్రం వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్య రికార్డర్‌ను పెట్టి చూడండి. కొన్ని మోడళ్లు తమ గుండా వెళ్లే దృశ్యాన్ని కుదురుగా నిలబెడతాయి.