నలుపు నల్లగా రాని ప్రొజెక్టర్‌తో రెండేళ్లుగా పాత సినిమాలు

ఈ ప్రొజెక్టర్ మీద నాకున్న కోపమంతా నలుపు దగ్గరే. చీకటి సీన్ వస్తే గోడ మీద చీకటి పడదు, బూడిద రంగు పడుతుంది. లూమెన్లు, రిజల్యూషన్, ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలి లాంటివి రాయను, అవి అమ్మే పేజీలోనే ఉంటాయి. పదిహేను వేల లోపు వచ్చే ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ ఇది. ఇదే డబ్బా నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు చెప్పి ప్రయోజనం లేదు. కొని రెండేళ్లు దాటింది. శనివారం రాత్రి ఫ్రెండ్స్ నలుగురైదుగురు మా ఇంటికి వస్తారు. పాత క్లాసిక్‌లు, దెయ్యం సినిమాలు, ఖలేజా లాగా థియేటర్లో ఆడకపోయినా తర్వాత టీవీలో చూసి చూసి జనం నెత్తిన పెట్టుకున్నవి మళ్లీ వేసుకుంటాం, నచ్చిన చోట ఆపి వాదించుకుంటాం. కాబట్టి ఇది క్రికెట్ చూసేవాళ్ల కోసమో పిల్లల కార్టూన్ల కోసమో రాసిన రివ్యూ కాదు.

ఈ ధరలో ప్రొజెక్టర్లు ఇలా ఎందుకుంటాయంటే, లోపల దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, దాని ముందున్న ఎల్‌సీడీ ప్యానెల్ ఆ వెలుగుని ఆపాలి. చవక ప్యానెల్ పూర్తిగా ఆపలేదు. అలా తప్పించుకున్న వెలుగు గోడ మీద పడుతుంది, తెల్ల గోడ దాన్ని గదంతా పంచుతుంది. పగటి సీన్లలో ఇది ఎవరికీ కనపడదు. అరుంధతి వేసినప్పుడు మాత్రం తెలిసిపోయింది. ఆ సినిమాలో భయమంతా కోట లోపలి చీకట్లోనే ఉంది, మాకేమో ఆ చీకట్లో దాగాల్సిన మూలలన్నీ పొగమంచు పట్టినట్టు కనిపించాయి. నంద్యాల వైపు నుంచి వచ్చిన ఫ్రెండ్ ఒకడు కోటగా చూపించిన ఆ బంగ్లా బనగానపల్లె దగ్గరిదేనని, ఎండలో చూస్తే చాలా అందంగా ఉంటుందని చెబుతూ కూర్చున్నాడు, మేం కూడా భయపడకుండా గోడల మీద పనితనం చూస్తూ కూర్చున్నాం. ఆ రాత్రి సినిమాని కాపాడింది విలన్ పశుపతికి రవిశంకర్ చెప్పిన డబ్బింగ్. బొమ్మ ఎంత తేలిపోయినా ఆ గొంతుకి ఏమీ కాలేదు.

అసలు గొడవ మసూద సినిమా వేసిన రోజు మొదలైంది. 2022లో వచ్చినప్పుడు మాలో ఇద్దరు థియేటర్లో చూశారు, మిగతావాళ్లం చూడలేదు. సగం దాటాక, ఇంట్లో లైట్లు లేని సీన్ ఒకటి నడుస్తుంటే, చూడనివాళ్లలో ఒకడు మెల్లగా, "ఒరేయ్, ఆ పైన ఎడమ పక్క ఎవరో ఉన్నారు చూడండి" అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది, తెల్లగా, అంచులు లేని మసక ఆకారం. "వెనక్కి తిప్పు మామా." తిప్పాం, మళ్లీ ఉంది. సినిమా చూసినవాళ్లేమో అక్కడ ఎవరూ లేరని ఒట్టు పెడుతున్నారు. దెయ్యం నల్ల బురఖాలో వస్తుంది కదా, తెల్లగా ఎందుకుంటుందని ఒకరంటే, అదే డైరెక్టర్ తెలివి, వెనకాల ఇంకొకటి పెట్టాడు, జనం గమనించలేదని ఇంకొకరు. చాలాసేపు నడిచింది ఈ వాదన. ఆకారం కదలడం లేదని ఒకరు, కదులుతోందని ఒకరు. చివరికి తర్వాతి సీన్‌లో, పగలు రోడ్డు మీద, అది మాయమైంది. దాంతో కదులుతోందన్న వాళ్ల బలం పెరిగింది. మళ్లీ రాత్రి సీన్ రాగానే అదే చోట, అదే ఆకారం. సినిమా ఆపి మెనూలోకి వెళ్తే అక్కడా ఉంది.

లోపల దుమ్ము. ఈ తరహా ప్రొజెక్టర్లలో లెన్సుకీ ప్యానెల్‌కీ మధ్య గాలి దూరే సందులుంటాయి. ఫ్యాను చల్లదనం కోసం బయటి గాలి లాగినప్పుడల్లా దుమ్ము వెళ్లి ప్యానెల్ మీద కూర్చుంటుంది. వెలుగున్న సీన్లో కనపడదు, చీకటి సీన్లో మచ్చై కూర్చుంటుంది. అంటే నలుపు ముందే సరిగా రాని వస్తువు, మిగిలిన కాస్త నలుపులో కూడా మచ్చ పెట్టింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే వారంటీ అయిపోయింది, లోపలి యూనిట్ మొత్తం మార్చాలి, కొన్న ధరలో సగం పైనే అవుతుంది అన్నారు. విప్పి తుడవడం కుదరదా అంటే కుదరదన్నారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు, ఎందుకంటే తర్వాత కోఠి గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్ నా కళ్ల ముందే స్క్రూలు విప్పి, బ్లోయర్‌తో గాలి కొట్టి, మెత్తటి బట్టతో ప్యానెల్ తుడిచి ఇచ్చాడు. టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. అయితే మచ్చ శాశ్వతంగా పోలేదు, వేసవిలో కిటికీలు తెరిచి ఉంచే రోజులు వచ్చేసరికి మళ్లీ కనపడింది, మళ్లీ కోఠి వెళ్లాను. ఇది కొనేవాళ్లు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంత కోపంలోనూ దీన్ని ఎందుకు అమ్మేయలేదంటే 'రాత్రి' అనే సినిమా వల్ల. రామ్ గోపాల్ వర్మ 1992లో తెలుగు, హిందీ రెండింట్లో తీసింది, రేవతిది. పేరే రాత్రి కదా, ఇక దీని మీద ఏం చూస్తాం అనుకుంటూ వేశాం. మొదలే పట్టపగలు. మనిషన్నవాడు లేని ఊళ్లో రేవతి ఒక్కతే, వెనకాల కెమెరా, దాని నడకలో ఏదో తరుముతున్న తీరు. గోడంత బొమ్మలో ఆ ఖాళీ వీధులు చూస్తుంటే మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎండలో తీసిన భయం ఇది, నలుపు అవసరమే లేదు. అక్కడ ఆపి చాలాసేపు మాట్లాడుకున్నాం. తేజ డైరెక్టర్ కాకముందు ఈ సినిమాకి కెమెరామన్ అని, మణిశర్మ మ్యూజిక్ అని టైటిల్స్ చూసి ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. అప్పట్నుంచి మాకొక అలవాటైంది. ఏ దెయ్యం సినిమా వేసినా చీకటి తీసేస్తే ఇందులో భయం ఎంత మిగులుతుంది అని చూస్తాం. వంశీ అన్వేషణ ఆ పరీక్షలో బాగా నెగ్గింది. తలకోన అడవి పగటి పూట కూడా నమ్మదగ్గ చోటులా అనిపించదు, ఇళయరాజా నేపథ్య సంగీతం ఆగిన చోట ఇంకా టెన్షన్. కొత్తవి చాలా వరకు నెగ్గలేదు. ఇది మంచి టీవీ మీద మాకు తట్టేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మాయాబజార్ సంగతి వేరు. నలుపు తెలుపు సినిమాకి నలుపు రాని యంత్రం ఎలా సరిపోతుందని మీరడగొచ్చు. మార్కస్ బార్ట్‌లే కెమెరా పనిలో కటిక నలుపు తక్కువ, నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే ఛాయలే ఎక్కువ, ముఖాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఆ ఛాయల్ని ఈ డబ్బా చక్కగా చూపిస్తుంది. 2010లో వచ్చిన రంగుల ప్రతి కూడా వేసి చూశాం. ఈ ప్రొజెక్టర్‌కి ఎరుపు ఎక్కువ, నగలు, పట్టుబట్టలు కళ్లలో పొడుచుకున్నట్టుంటాయి, పైగా నిడివి తగ్గించారు. మా అమ్మ చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసిందట, రంగుల్లో పది నిమిషాలు చూసి, "మొదటిదే పెట్టండ్రా, సావిత్రి మొహం అందులోనే బాగుంది" అంది. వివాహ భోజనంబు దగ్గర మేం ఎన్నిసార్లు ఆపామో. లడ్డూలు ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్లడం ఎలా తీశారన్నది ఇంకా తేలలేదు, మా వాళ్లలో రెండు వర్గాలున్నాయి. ఒక్క చిరాకు, పాత సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది కదా, అటూ ఇటూ మిగిలే పట్టీలు నల్లగా కాకుండా బూడిదగా వెలుగుతుంటాయి. నల్ల అట్టలు రెండు కోసి గోడకి అతికించాను, ఇప్పుడు ఫర్వాలేదు.

కొత్తలో థియేటర్ అవసరమే లేదని అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు పాత సినిమాలకు, పగటి సినిమాలకు అని కలిపి చెబుతున్నాను. బ్లూటూత్ స్పీకర్ కూడా బాగుందన్నాను, అది పాటలకి బాగుంటుంది. సినిమాలో శబ్దం పెదాల కంటే రవ్వంత ఆలస్యంగా వస్తుంది, తలుపు తెరుచుకున్నాక కిర్రుమంటే భయం ఎక్కడిది, అందుకే వైరు పెట్టుకున్నాను.

మాది అద్దె ఇల్లు, కిటికీ లేని పెద్ద గోడ ఒకటి దొరికింది, ఐదుగురం చాపేసుకుని కూర్చుంటాం, మధ్యలో ఆపినా ఎవరూ విసుక్కోరు. మాకిది సరిపోయింది. ఒంటరిగా ఉండి ఓటీటీలో కొత్త హారర్ సినిమాలు రాత్రిపూట చూసేవాళ్లయితే, ఇదే డబ్బుకి చిన్న టీవీ కొనుక్కోండి, నలుపు దీనికంటే వంద రెట్లు మేలు. వీధి లైటు గదిలోకి పడే ఇంట్లో దీన్ని అసలు తలవొద్దు. అయినా కొంటానంటే, గాలి లాగే జాలీ మీద దుమ్ము వారం వారం తుడవండి, వాడనప్పుడు బట్ట కప్పండి, వారంటీ ఉన్నంతలోనే ఏదైనా చీకటి సినిమా వేసి గోడ నాలుగు మూలలూ చూసుకోండి.