తోటలో పురుగుల ఫొటోలకు ఏది మేలు: మాక్రో లెన్సా, ట్యూబులా, క్లోజప్ అద్దమా?

పెరట్లో చిక్కుడు పాదుకు పేనుబంక పట్టిందంటే మాక్రో ఫొటోలు (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా చూపేవి) తీసేవారికి చేతినిండా పనే. పేనుబంకను తినడానికి అక్షింతల పురుగులు, అది వదిలే తీపి జిగురు కోసం చీమలు, ఆ పక్కనే ఆకు అంచున పొంచి ఉన్న దూకే సాలీడు, అన్నీ ఒకే తీగ మీద దొరుకుతాయి. వీటిలో చాలావరకు సెంటీమీటరు దాటవు. కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎం.ఎం. (ఫోకల్ లెంగ్త్) లెన్సులో చుక్కల్లానే కనిపిస్తాయి. కళ్లు, కాళ్ల మీది నూగు కూడా కనిపించాలంటే నాలుగు దారులున్నాయి.

అన్నిటికన్నా చవక రివర్స్ రింగ్. ఉన్న లెన్సునే తిరగేసి కెమెరాకు బిగిస్తాం. 50 ఎం.ఎం. లెన్సుతో దాదాపు 1:1 వస్తుంది. అంటే పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ అంతే (1 రెట్టు) పడుతుంది. కానీ అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) మార్చే రింగు లేని కొత్త లెన్సులు తిరగేస్తే అపర్చర్ మన మాట వినదు. నేర్చుకోవడానికి సరే, రోజూ వాడటానికి నేను చెప్పను.

ఎక్స్‌టెన్షన్ ట్యూబుల్లో అద్దం ఉండదు, కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే ఉత్త గొట్టాలే. 12, 20, 36 ఎం.ఎం. సెట్లుగా దొరుకుతాయి. ఇవి తక్కువ ఎం.ఎం. లెన్సుకే బాగా పనిచేస్తాయి. 36 ఎం.ఎం. ట్యూబు 50 లెన్సుకు 0.7 రెట్ల పైచిలుకు పెంపు కలిపితే, 250 లెన్సుకు 0.14 మాత్రమే కలుపుతుంది. 50తో 1:1 దాకా వెళ్తే పురుగుకూ లెన్సుకూ మధ్య పది సెంటీమీటర్లు కూడా మిగలవు. తొలకరికి నేల మీద నింపాదిగా నడిచే ఆరుద్ర పురుగుకు అది చాలు (దానికి ఎనిమిది కాళ్లు, సాలీడుకే దగ్గరి చుట్టం). కందిరీగ మాత్రం అంత దగ్గరికి రానివ్వదు.

లెన్సు ముందు భూతద్దంలా తగిలించే క్లోజప్ అద్దం ట్యూబులకు సరిగ్గా తిరగబడ్డ లెక్క. లెన్సు ఎం.ఎం. ఎంత ఎక్కువైతే అంత పెంపు. ఉదాహరణకు రేనాక్స్ డీసీఆర్-250 అనే అద్దం శక్తి 8 డయాప్టర్లు (కళ్లద్దాల పవరు కొలతే). 55-250 జూమ్ ముందు క్లిప్పులా తగిలిస్తే 250 దగ్గర 2 రెట్ల పెంపు వస్తుంది. జూమ్ ఎంత తిప్పినా పురుగుకు దూరం దాదాపు 12 సెంటీమీటర్లే ఉంటుంది, వెలుతురూ పెద్దగా తగ్గదు. లోపమల్లా ఒక్కటే: ఆ దూరం దాటితే ఫోకస్ కుదరదు. రెక్కలు విప్పిన పెద్ద సీతాకోకచిలుక ఫ్రేములో పట్టదు. అప్పుడు అద్దం తీసేసి జూముతోనే తీయాలి.

అసలైన 100 ఎం.ఎం. మాక్రో లెన్సుకు ఈ తీసి పెట్టే గోల లేదు. దూరాన తూనీగ నుంచి 1:1 సాలీడు దాకా ఒకటే లెన్సు, ఆటో ఫోకస్‌తో సహా. 1:1 దగ్గర కూడా 15 సెంటీమీటర్ల వరకు ఎడం దొరుకుతుంది. ధర మాత్రం మిగతా మూడూ కలిపినా అందనంత.

55-250 లాంటి టెలి జూమ్ ఇప్పటికే ఉన్నవారికి నా ఓటు క్లోజప్ అద్దానికే. మిగిలిన డబ్బు ఫ్లాషుకు పెట్టండి. ఎందుకంటే ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాలో 1:1 దగ్గర అపర్చర్ ఎఫ్ 11 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది, వెలుతురు తక్కువ) పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు లోపే. పైగా ట్యూబులు, మాక్రో లెన్సు అయితే సెన్సర్‌కు చేరే వెలుతురు ఎఫ్ 22 అంతే. ఊగే తీగ మీద ఎండ ఒక్కటే చాలదు. ఖరీదైన మాక్రో లెన్సున్నా ఈ ఇబ్బంది తప్పదు. తూనీగలు, సీతాకోకచిలుకలే మీ లోకమైతే మాత్రం కాస్త ఆగి మాక్రో లెన్సే కొనుక్కోండి.

పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవారున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. తెల్లవారుజామున మంచు ఆరకముందు వెళ్తే అవే నిలకడగా ఉంటాయి. ఫ్లాషుకు వెలుతురును మెత్తగా పరిచే తెల్లటి పలుచని డిఫ్యూజర్ తప్పనిసరి. అది లేకపోతే దూకే సాలీడు పెద్ద కళ్లలో గుచ్చుకునే తెల్ల చుక్కలు పడి, వాటి మెరుపు పోతుంది.