ఆర్‌ఎక్స్ 100కి కొత్త సైలెన్సర్ వేయిస్తున్నారా? పాతది మాత్రం షాపులో వదలకండి

యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ ఉన్నవాళ్లు, ఆర్‌ఎక్స్ 135 వాళ్లు కూడా, డబ్బులు ఇచ్చే ముందు ఇది చదవండి. "డైరెక్ట్ ఫిట్, కంపెనీ సౌండ్, 304 స్టెయిన్‌లెస్ స్టీల్" అని చెప్పి మా బావ 1994 మోడల్ బండికి ఒక సైలెన్సర్ అంటగట్టారు. 4,800 తీసుకున్నారు. బిల్లు అడిగితే చీటీ మీద "సైలెన్సర్ 1" అని రాసిచ్చారు, షాపు పేరు కూడా లేదు దాని మీద.

ఫిట్టింగ్ దగ్గరే తేడా తెలిసిపోయింది. సైలెన్సర్ బ్రాకెట్ రంధ్రం బండి రంధ్రానికి కలవలేదు, షాపు మెకానిక్ రాడ్డు పెట్టి గుంజి బోల్టు ఎక్కించేశాడు. అలా లాగి బిగిస్తే ఆ ఒత్తిడంతా బ్రాకెట్ వెల్డింగ్ మీదా, సిలిండర్ దగ్గరి జాయింట్ మీదా పడుతుంది, పైగా ఈ బండి వైబ్రేషన్ సంగతి తెలిసిందేగా. కొన్నాళ్లకే వెల్డింగ్ చీలింది, జాయింట్ దగ్గర నల్లటి ఆయిల్ కక్కుతోంది. మ్యాగ్నెట్ పెట్టి చూస్తే టక్కున అతుక్కుంది. 304 అయితే అలా పట్టదు, ఇది మామూలు రేకు మీద క్రోమ్.

రేకు సంగతి వదిలేయండి, అసలు నష్టం పికప్‌లో. ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజన్, దాంట్లో సైలెన్సర్ అంటే శబ్దం తగ్గించే గొట్టం మాత్రమే కాదు. పొగ బయటికి పోయేటప్పుడు దాంతోపాటు కాలని పెట్రోల్ మిశ్రమం కూడా కొంత పైపులోకి జారిపోతుంది, సైలెన్సర్ లోపలి ఆకారానికి తగిలి వెనక్కి వచ్చే ఒత్తిడి దాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. బెండ్ పైపు పొడవు, లోపలి కోన్‌లు అన్నీ ఆ లెక్క ప్రకారమే ఉంటాయి. పైకి అచ్చం కంపెనీదానిలా ఉండి లోపల ఖాళీ డబ్బా అయితే 98 సీసీ ఇంజన్‌కి మిగిలేది సౌండే. బావ బండి సెకండ్ గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆయాసపడింది. స్పార్క్ ప్లగ్ విప్పితే కాఫీ రంగులో ఉండాల్సింది తెల్లగా ఉంది, అంటే పెట్రోల్ చాలక లోపల వేడెక్కిపోతోంది. అలాగే లాగిస్తే పిస్టన్ పట్టేస్తుంది, సిలిండర్ బోరు చేయించే ఖర్చు ముందు సైలెన్సర్ ఖర్చు ఏపాటి? షాపువాడు మాత్రం "నాలుగు రోజులు తిప్పితే అదే సెట్ అవుద్ది సార్" అంటాడు. సైలెన్సర్ మార్చినప్పుడు కార్బురేటర్ జెట్ (పెట్రోల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే చిన్న రంధ్రం ముక్క) కూడా చూడాలనే మాట వాడి నోట రాలేదు.

చలానా సంగతి కూడా చెప్పాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దం ఎక్కువున్న బండికి 10,000 దాకా జరిమానా పడొచ్చు, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించారు కూడా. "కంపెనీ సౌండ్" అని షాపువాడు చెప్పాడంటే సీఐ గారు వినరు.

అన్నిటికంటే ఒళ్లు మండేది పాత సైలెన్సర్ విషయం. "ఇది అయిపోయింది సార్, ఇనుము రేటు ఇస్తా" అని 300 తగ్గించి ఉంచేసుకున్నారు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, ఒరిజినల్ సైలెన్సర్ కోసం జనం ఎంతైనా పెడుతున్నారు. పైగా అది పాడైపోయి ఉండకపోవచ్చు, చాలావాటికి లోపల ఆయిల్ మసి పేరుకుని మూసుకుపోవడమే జబ్బు. పాత మెకానిక్ ఎవరైనా బఫిల్ (సైలెన్సర్ లోపల శబ్దం తగ్గించే గొట్టం) ఊడదీసి, గ్యాస్‌తో మసి కాల్చి శుభ్రం చేస్తే మళ్లీ పనిచేస్తుంది. ముందు అది చేయించి చూడండి. తప్పదు, కొత్తదే కావాలంటే చేత్తో పెట్టి చూడమనండి, బలవంతం లేకుండా రంధ్రాలు కలవకపోతే బోల్టు బిగించనివ్వకండి.

బావ ఇప్పుడు ఒరిజినల్ కోసం వెతుకుతున్నాడు. మొన్న ఒకచోట 9,000 చెప్పారు, ఫొటో పంపితే కింద సొట్ట అచ్చం మా సైలెన్సర్‌కి ఉన్న చోటే ఉంది.