సైకిలు బీబీ అరిగితే గుండ్లు మార్చాలా, కార్ట్రిడ్జి వేయాలా?

"అన్నా, తొక్కుతుంటే కింద కటకట అంటోంది. ఇంట్లోనే మార్చుకుందామనుకుంటున్నా. గుండ్లు వేసుకోవాలా, కార్ట్రిడ్జి తెచ్చుకోవాలా?" పొద్దున బుక్కరాయసముద్రం చెరువు దాకా నాతో సైకిలు తొక్కే కుర్రాళ్లలో ఎవరో ఒకరు ప్రతి నెలా ఇదే అడుగుతున్నారు. ఈ ఏడాది ఉగాదికి ముందే నా సైకిలుకు ఈ పని వరండాలో కూర్చుని చేసుకున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను. బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, పెడళ్ల మధ్య ఫ్రేము గొట్టంలో యాక్సిలు తిరిగే చోటు. అందులో విడి గుండ్లు ఉండేది ఒక రకం, యాక్సిలు, బేరింగులు కలిపి ఒకే ముక్కగా మూసి వచ్చే కార్ట్రిడ్జి ఇంకో రకం.

ముందు పోయింది బీబీయేనా అని చూసుకోండి. చైను దించేసి, ఒక క్రాంకును (పెడలు తగిలించిన చేయిని) పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపండి. రెండో వైపు క్రాంకు కూడా దాంతో పాటు కదిలితే బీబీ వదులైనట్టే. పట్టుకున్నది ఒక్కటే కదిలితే దాని బోల్టు వదులైంది, దాన్ని బిగిస్తే సరిపోవచ్చు. ఇక క్రాంకులు కాటర్ పిన్నులతో (క్రాంకును యాక్సిలుకు పట్టించే ఇనుప చీలలతో) బిగించిన పాత నల్ల సైకిలైతే ఆలోచించే పనే లేదు, గుండ్లే. యాక్సిల్ చివరలు నలుచదరంగా ఉన్న సైకిళ్లకే ఈ రెండు దారులూ.

గుండ్ల బీబీకి సుగుణాలు లేకపోలేదు. పావు అంగుళం గుండ్లు ఒక్కో వైపు 11 చొప్పున 22 ఏ సైకిల్ షాపులో అడిగినా ఇస్తారు. ఖర్చు ఒక పూట టిఫిన్ అంత. పాడైన భాగం మాత్రమే మార్చుకోవచ్చు, ఏడాదికోసారి విప్పి కడిగి గ్రీజు పెట్టుకోవచ్చు.

నాది విప్పినప్పుడు లోపల గ్రీజు గ్రీజులా లేదు. ఎర్రమట్టి కలిసి ముద్దయింది. వేళ్ల మధ్య రుద్దితే చక్కెర పలుకులు నలిగినట్టుంది. డీజిల్లో కడిగి, యాక్సిల్ మీద గుండ్లు దొర్లే దారిని గోటితో గీకి చూశాను. ఒక చోట గోరు తట్టుకుంది. అక్కడ సగం బియ్యపు గింజంత గుంట. టవర్ క్లాక్ దగ్గర షాపులో పెద్దాయనకు చూపిస్తే, "యాక్సిలే పోయిండాది నాయనా, కొత్త గుండ్లేసినా నిలబడదు" అన్నాడు. గోరు తట్టుకున్న యాక్సిలుకు, కప్పుకు (రెండు వైపులా గుండ్లు కూర్చునే గిన్నెలాంటి భాగానికి) కొత్త గుండ్లు వేయడం డబ్బు దండగే.

నన్నడిగితే అసలు తేడా ధరలో లేదు, బిగింపులో ఉంది. గుండ్ల బీబీలో సామాన్లు మార్చడం అరగంట పని. ఎడమ కప్పు ఎంత బిగించాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది. కాస్త ఎక్కువైతే గుండ్లు కప్పును కొరికేస్తాయి, కాస్త తక్కువైతే యాక్సిలు ఊగి గుంటలు పడతాయి. చేత్తో తిప్పి సరిగ్గా కుదిరిందనుకుని, కప్పు కదలకుండా పట్టే లాక్ రింగు బిగిస్తామా, దాంతో పాటు కప్పు కూడా కొంచెం తిరిగి ఇరుకైపోతుంది. అందుకే కొంచెం వదులుగా ఉంచి రింగు బిగించాలి. ఆ కొంచెం ఎంతో ఎవరూ మాటల్లో చెప్పలేరు. పైగా ఉత్త యాక్సిలు పట్టుకుంటే తెలియని ఊపు, క్రాంకు తగిలించి లాగితే బయటపడుతుంది, మళ్లీ విప్పాలి. రెండేళ్ల కిందట నేను బిగువుగా పెట్టేశాను. ఆషాఢం గాలి దుమ్ము తగ్గేలోపే గరగర మొదలైంది. ఇప్పుడు అరిగిన యాక్సిలు అదే.

కార్ట్రిడ్జిలో ఆ బాధ లేదు. బేరింగులు మూతపడి వస్తాయి, దుమ్ము అంత సులువుగా చొరబడదు. కుడివైపు అంచు ఫ్రేముకు ఆనేదాకా ఎక్కించి, తర్వాత ఎడమ కప్పు బిగించడమే. అడుగు పొడవు పానా చివర 20 కిలోల బరువు మోపినంత బిగువు చాలు. ధర ఎక్కువే. దాన్ని తిప్పడానికి పళ్లున్న టూలు, క్రాంకును ఊడలాగే పుల్లరు కూడా కావాలి. పోయిందంటే లోపల బాగుచేసుకునేది ఉండదు, మొత్తం పారేయాల్సిందే. అయినా మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

జాగ్రత్త పడాల్సింది మరల (థ్రెడ్ల) దగ్గర. కుడివైపు మర తిరగేసి ఉంటుంది. ఎటని తికమకపడకుండా ఒక గుర్తు: ఏ వైపైనా పానా పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు తోస్తే ఊడుతుంది, వెనక చక్రం వైపు లాగితే బిగుస్తుంది. మరలకు గ్రీజు రాసి, మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లకు తిరగకపోతే మర వంకరగా పట్టిందన్నమాట. అక్కడ పానా వాడితే ఫ్రేము మర తెగిపోతుంది. పుల్లరు కూడా క్రాంకులోకి పూర్తిగా ఎక్కాకే తిప్పాలి, అల్యూమినియం మర మెత్తన.

కప్పులు ఫ్రేము బయట ఉండే మూడో రకం బీబీ కూడా ఉంది కానీ దానికి క్రాంకు సెట్టు మొత్తం మార్చాలి, ఈ పనికి అంత అక్కర్లేదు.

కార్ట్రిడ్జి కొనేటప్పుడు రెండు కొలతలు చూడాలి. బీబీ కూర్చునే ఫ్రేము గొట్టం వెడల్పు (ఈ చివర నుంచి ఆ చివరకు) చాలా వాటికి 68 మిల్లీమీటర్లు, కొన్ని మౌంటెన్ సైకిళ్లకు 73. యాక్సిలు పొడవు 113, 118, 122.5, ఇలా రకరకాలు. పొట్టిదైతే పళ్ల చక్రం ఫ్రేముకు రాసుకుంటుంది. పొడుగైతే చైను వంకరగా నడుస్తుంది. పాత యాక్సిలును తుడిచి, గుడ్డలో చుట్టుకుని షాపుకు పట్టుకెళ్లండి. కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టి కొలిచాకే డబ్బులివ్వండి.