నార్సిసిస్టిక్ ఇబ్బందులకు దగ్గర్లో కౌన్సెలర్: కొన్నేళ్లు వాడాక ఏ దారి ఎంతవరకు పనికొచ్చిందంటే

నార్సిసిజం అంటే నేనే గొప్ప అనుకుంటూ, పొగడ్తల కోసం తపిస్తూ, ఎదుటివాళ్ల బాధ పట్టించుకోని స్వభావం. అది ఉన్నవాళ్లకో, వాళ్లతో బతికేవాళ్లకో కౌన్సెలర్ని వెతుకుతుంటే ముందే తేల్చి చెబుతున్నా. బోర్డు మీదో, ఇన్‌స్టా పేజీలోనో ‘నార్సిసిజం స్పెషలిస్ట్’ అని రాసుకున్నవాళ్ల వెంట పడటం దండగ. మన దేశంలో ఆ పేరుతో డిగ్రీ లేదు. పర్సనాలిటీ డిజార్డర్లతో, అంటే స్వభావంలోనే పాతుకుపోయిన ఇబ్బందులతో పనిచేసిన క్లినికల్ సైకాలజిస్టు ఒకరు, అవసరానికి ఒక సైకియాట్రిస్టు ఉంటే చాలు. హైదరాబాద్‌లో దొరుకుతారు. విజయవాడ, విశాఖల్లో కాస్త వెతకాలి. చిన్న ఊళ్లలో అయితే పక్క ఊరికి పోక తప్పదు, పోవడమే మంచిది కూడా. ఉన్న ఊళ్లో కౌన్సెలర్‌కి మీ మేనమామ తెలిసే ఉంటాడు. వెయిటింగ్ హాల్లో ఒక్క తెలిసిన మొహం కనబడితే ఇలాంటి స్వభావం ఉన్న మనిషి రెండోసారి ఆ మెట్లెక్కడు. తెనాలి వాళ్లు గుంటూరుకో బెజవాడకో వెళ్లడంలో అర్థం ఉంది.

వెతికేది ఎవరికోసం అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ స్వభావం ఉన్న మనిషికా, ఆ మనిషితో కాపురం చేస్తున్నవాళ్లకా? రెండూ వేర్వేరు వెతుకులాటలు, ఇద్దరు వేర్వేరు కౌన్సెలర్లు. ఖర్చు కలిసొస్తుందని ఇద్దరినీ ఒకరి దగ్గరికే పంపితే ఆర్నెల్లు తిరక్కముందే ‘ఆ కౌన్సెలర్ నీ పార్టీ’ అనే మాట వస్తుంది. రెండు వైపులా పని అక్కడితో చెడుతుంది.

ఎవరు ఎవరన్నది తెలియకపోతే డబ్బు పోయేది ఇక్కడే. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. మందు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎక్కువమంది రెండేళ్ల ఎం.ఫిల్ చేసి ఉంటారు, కొందరికి సైడీ (Psy.D.), అంటే సైకాలజీలో డాక్టరేట్ ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. నంబరు అడిగితే నొచ్చుకునేవాళ్లను అక్కడే వదిలేయండి. ఇక ‘కౌన్సెలర్’ అన్న మాటకు మన దగ్గర గట్టి కాపలా లేదు. ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లూ కౌన్సెలర్లే, వారాంతపు సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్లూ కౌన్సెలర్లే. మొదటి రకంలో చాలా మంచివాళ్లున్నారు, ముఖ్యంగా కుటుంబసభ్యులకు. కానీ పర్సనాలిటీ డిజార్డర్ ఉందా లేదా అని తేల్చే పని మాత్రం సైకియాట్రిస్టుదో క్లినికల్ సైకాలజిస్టుదో.

ప్రభుత్వాసుపత్రి దారిని తక్కువ చేయొద్దు. ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖ చినవాల్తేరులో మానసిక ఆసుపత్రి ఉన్నాయి. గాంధీ, ఉస్మానియా, కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. అయిదుగురు డాక్టర్లు చూసే చోట వేరే జబ్బేదైనా ఉంటే బయటపడుతుంది. ఇది చిన్న లాభం కాదు. నేనే గొప్ప అన్న ధోరణి, నిద్ర అక్కర్లేకపోవడం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెట్టడం కొన్ని వారాలపాటు విడతగా వచ్చి తగ్గుతుంటే అది బైపోలార్, అంటే మూడ్ విడతలుగా విపరీతంగా పెరిగి తగ్గే జబ్బు కావచ్చు. తాగుడు వల్ల కావచ్చు. యాభై దాటాక మనిషి ఉన్నట్టుండి మారితే న్యూరాలజిస్టుకు చూపించాలి. స్వభావానికి సంబంధించిన ఇబ్బంది అయితే యవ్వనంలోనే మొదలై అన్ని చోట్లా ఒకేలా నడుస్తుంది. సర్కారీ ఓపీలతో చిక్కు రెండు చోట్ల. రద్దీ వల్ల ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే, వారం వారం ముప్పావుగంట మాటల వైద్యం అక్కడ కుదరదు. రెండోది పేరు. ‘ఎర్రగడ్డకి తీసుకెళ్లాలి వీణ్ణి’ అన్నది మన ఇళ్లలో తిట్టు. తన ప్రతిష్ఠే ప్రాణంగా బతికే మనిషిని ఆ గేటు దాటించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. బోధనాసుపత్రి ఓపీకి మాత్రం ‘నిద్ర పట్టట్లేదు’ అన్న కారణంతో వచ్చేవాళ్లున్నారు.

ప్రైవేటులో 45 నుంచి 50 నిమిషాల సెషన్‌కి హైదరాబాద్‌లో సుమారు 1000 నుంచి 2500 రూపాయలు అవుతుంది, జిల్లా కేంద్రాల్లో అంతకంటే తక్కువ. పది సెషన్ల ప్యాకేజీ ముందే కట్టమంటే కట్టొద్దు. ఈ సమస్యతో వచ్చేవాళ్లు మధ్యలో మానేసే అవకాశం ఎక్కువని ప్యాకేజీ అమ్మేవాళ్లకు బాగా తెలుసు.

మొదటి ఫోన్‌లోనే సగం సంగతి తెలిసిపోతుంది. ‘పర్సనాలిటీ డిజార్డర్లున్నవాళ్లను ఎంతకాలం చూస్తారు?’ అనడగండి. ‘ఏడాది, అంతకంటే ఎక్కువ’ అన్నవాళ్లు పని తెలిసినవాళ్లు. ‘ఎనిమిది సిట్టింగుల్లో సెట్ చేస్తాం’ అన్నవాళ్లకు ఈ పని తెలియదు. ఏ పద్ధతిలో పనిచేస్తారో అడగండి. స్కీమా థెరపీ, మెంటలైజేషన్, ట్రాన్స్‌ఫరెన్స్ ఫోకస్డ్ సైకోథెరపీ లాంటి పేరు, లేదా సైకోడైనమిక్ అన్న మాట వినిపించాలి. డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) ప్రధానంగా బోర్డర్‌లైన్ అనే మరో పర్సనాలిటీ డిజార్డర్ కోసం వచ్చింది, కోపం అదుపు తప్పేవాళ్లకు అందులో కొన్ని మెళకువలు పనికొస్తాయి. తమ కేసులు ఎవరైనా సీనియర్‌తో చర్చిస్తారా అని కూడా అడగండి. ఇది ఎవరూ అడగరు. ఒంటరిగా పనిచేసే కౌన్సెలర్‌ని ఈ స్వభావం ఉన్న మనిషి నెల తిరక్కుండా బుట్టలో వేసుకోగలడు. చివరిగా ఒకటి గమనించండి. ఫోన్‌లో మీ కథ పది నిమిషాలు విని ‘మీ ఆయన పక్కా నార్సిసిస్టే అమ్మా’ అనేశారంటే ఆ అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోండి. చూడని మనిషికి జబ్బు పేరు పెట్టేవాళ్లు రేపు మీకూ పెడతారు.

గూగుల్ రివ్యూల మీద ఒక మాట. ఈ పని బాగా చేసేవాళ్లకు ఒకటో రెండో మండిపడే ఒంటి నక్షత్రపు రివ్యూలుంటాయి, ‘మాదే తప్పన్నట్టు మాట్లాడారు’ అని. అది చూసి భయపడనక్కర్లేదు. ఫీజు, రసీదు, ఫోన్‌లో సమాధానం గురించిన ఫిర్యాదులు మాత్రం పట్టించుకోండి.

రోగనిర్ధారణకు మూడు నాలుగు సెషన్లు పట్టడం మామూలే. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం రాసిన జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు ఉండాలి, అవి జీవితంలో చాలా చోట్ల, చాలాకాలంగా కనబడాలి. మన ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ వాడతారు. పాత ఐసీడీ-10లో దీనికి విడిగా కోడ్ లేదు, కేస్ షీట్ మీద ఎఫ్60.8 అని ఉంటే ‘ఇతర’ గుంపులో రాశారని అర్థం. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ఈ పేర్లను దాదాపు తీసేసి మైల్డ్, మోడరేట్, సివియర్ అని ముఖ్యంగా తీవ్రతను రాయమంది. కాబట్టి కాగితం మీద ‘నార్సిసిస్టిక్’ అన్న మాట లేదని గొడవపడటంలో అర్థం లేదు. ఇంటర్నెట్‌లో తిరిగే 40 ప్రశ్నల క్విజ్ పరిశోధనల కోసం తయారైంది, దానితో జబ్బు తేలదు. ఎంఎంపీఐ-2 అనే వ్యక్తిత్వ పరీక్షలో 567 ప్రశ్నలుంటాయి, ఇంగ్లిష్ ధారాళంగా రాని మనిషికి అది శిక్ష. ప్రశ్నలను అక్కడికక్కడ నోటితో తెలుగు చేసి అడిగి వేసిన స్కోరును నమ్మలేం. అలాంటప్పుడు పరీక్ష మానేసి వివరంగా మాట్లాడి తేల్చమనండి.

ఆ మనిషిని ఎలా తీసుకురావాలన్నది అందరూ అడిగేదే. ‘నీకు నార్సిసిజం ఉంది, రా’ అంటే రాడు. ఆయనకే బాధగా ఉన్నదేదో పట్టుకోవాలి. అది నిద్ర కావచ్చు, బీపీ కావచ్చు, మూడో ఉద్యోగం పోవడం కావచ్చు, కొడుకు మాట్లాడకపోవడం కావచ్చు. మాస్టర్ చెకప్ అని అబద్ధం చెప్పి సైకియాట్రిస్టు ముందు కూర్చోబెడితే ఆ ఒక్క అబద్ధాన్ని పదేళ్లు దెప్పుతాడు, ఇంకే డాక్టరు దగ్గరికీ రాడు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఒప్పించడమూ అంతే. నలుగురిలో తలదించుకోవాల్సి వస్తే ఈ స్వభావం మరింత బిగుసుకుంటుంది.

మందుల విషయం ఒక్క మాటలో చెప్పొచ్చు. ఈ స్వభావాన్ని మార్చే మాత్ర లేదు. డిప్రెషన్‌కో ఆందోళనకో నిద్రకో రాస్తారు, అవి తగ్గితే మాటల వైద్యానికి కూర్చోగలుగుతాడు.

అసలు పని సెషన్లలో ఎలా నడుస్తుందో తెలుసుకుంటే మధ్యలో కంగారు పడరు. మొదటి నెల ఆ మనిషికి కౌన్సెలర్ దేవుడు. ‘ఇంత తెలివైనవాడిని నేను చూడలేదు’ అంటాడు. ఆ తర్వాత ఏదో ఒక రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, ట్రాఫిక్ అంటాడు, పోయిన ఇరవై నిమిషాలూ చివర్లో కలపమంటాడు. పని తెలిసిన కౌన్సెలర్ గడియారం చూసి, ‘మనకింకా అరగంట ఉంది, ఆరింటికి ఆపేద్దాం. నేను ఒప్పుకోననగానే మీకేమనిపించిందో చెప్పండి’ అంటారు. గొంతు పెరగదు, క్షమాపణ ఉండదు. ఆ అరగంటలో జరిగేదే వైద్యం. అదే చోట కౌన్సెలర్ మొహమాటపడి సమయం పెంచితే వచ్చే వారం ఫీజు తగ్గించమంటాడు, ఆపై వారం ఆదివారం రాత్రి వాట్సాప్ చేస్తాడు. కౌన్సెలరే ఎదురు తిరిగి అవమానిస్తే ఇక రానే రాడు. చాలామంది మానేసేది ఇలాంటి మొదటి ‘కుదరదు’ దగ్గరే. ‘వాడికేం తెలుసు’ అని ఇంటికొచ్చి అన్నప్పుడు ఇంట్లోవాళ్లు తల ఊపి వేరే కౌన్సెలర్ని వెతకడం మొదలుపెట్టకూడదు. ‘ఆ మాట ఆయనతోనే అని రండి’ అంటే సరిపోతుంది.

కుటుంబసభ్యులు పాడుచేసే విషయం ఒకటుంది, కౌన్సెలర్‌కి రహస్యంగా ఫోన్లు. ‘నేను చెప్పానని అనకండి, మీరే చెప్పినట్టు చెప్పండి’ అనే రకం. మంచివాళ్లు మొదట్లోనే షరతు పెడతారు, మీరు ఫోన్ చేస్తే ఆ సంగతి ఆయనకు చెబుతామని. మీకది కటువుగా అనిపించొచ్చు, కానీ ఆయన నమ్మకం నిలబడేది దాని మీదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా గోప్యతను పేషెంట్ హక్కుగానే చెబుతోంది, చాటుమాటుగా కేస్ షీట్ అడిగినా ఇవ్వరు.

జంటగా కౌన్సెలింగ్ అంటే జాగ్రత్త. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకూడదు. ఆవిడ అక్కడ నోరు విప్పిన దానికి రాత్రి ఇంట్లో మూల్యం చెల్లించాలి. ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడి హింస సంగతి అడగని కౌన్సెలర్ దగ్గర జంట సెషన్ వద్దు. అలాంటి పరిస్థితిలో మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు ముందు దారి. 2005 గృహహింస చట్టంలో మాటలతో, మానసికంగా పెట్టే హింస కూడా ఉంది.

కలిసి బతికేవాళ్లకు కౌన్సెలర్ని వెతికేటప్పుడు కొలత వేరు. వారం వారం ఆయన్ని తిట్టుకుని తేలికపడి వస్తున్నారంటే బాగానే ఉంటుంది, కానీ ఏమీ కదలదు. ‘నార్సిసిస్టిక్ అబ్యూజ్ కోచ్’లలో ఎక్కువమంది అమ్మేది ఇదే, పైగా 21 రోజుల వాట్సాప్ గ్రూపులో. పనికొచ్చే కౌన్సెలర్ మీ నిద్ర, మీ తిండి, మీ చేతిలో ఉన్న డబ్బు, మీ స్నేహాలు అడుగుతారు. అరుపు మొదలైనప్పుడు ఏ మాట అని గదిలోంచి వెళ్లాలో అక్కడే చెప్పించి అలవాటు చేయిస్తారు. ‘ఇప్పుడు కాదు, రేపు పొద్దున మాట్లాడదాం’ అన్న చిన్న వాక్యం వణక్కుండా అనడానికే కొన్ని సెషన్లు పడతాయి.

భాష విషయం పట్టుబట్టండి. సెషన్ తెలుగులో జరగాలి. ఇంగ్లిష్‌లోకి జారగానే మనిషి కార్పొరేట్ మీటింగ్‌లో ఉన్నట్టు మాట్లాడటం మొదలెడతాడు, అమ్మానాన్నల గురించి అసలు మాట తెలుగులోనే వస్తుంది. ఆన్‌లైన్ సెషన్లు కుటుంబసభ్యులకు చక్కగా పనిచేస్తాయి, గదికి గొళ్లెం, చెవికి ఇయర్‌ఫోన్లు ఉంటే. స్వభావంలో ఇబ్బంది ఉన్న మనిషికి మాత్రం మొదట్లో ఎదురెదురుగా కూర్చోవడమే మేలు, తెర మీద అయితే నచ్చని మాట రాగానే ‘నెట్ పోయింది’. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు, అక్కడ లైసెన్స్ రాష్ట్రాలవారీగా ఉంటుంది. టెక్సాస్‌లో ఉంటే సాధారణంగా టెక్సాస్‌లో అనుమతి ఉన్నవారే కావాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు. అర్ధరాత్రి గొడవ తర్వాత ఎవరితోనైనా మాట్లాడాలంటే మంచిది, దగ్గర్లో ఎక్కడికెళ్లాలో కూడా చెబుతారు. ఏడాదిపాటు నడిచే వైద్యానికి అది బదులు కాదు. ఉద్యోగం పోయినప్పుడు, విడాకుల నోటీసు వచ్చినప్పుడు, నలుగురిలో పరువు పోయిందనుకున్నప్పుడు ఈ స్వభావం ఉన్నవాళ్లలో ఆత్మహత్య ప్రమాదం నిజంగానే పెరుగుతుంది. ‘చస్తానంటూ నాటకాలు’ అని కొట్టిపారేయకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి, చేతిలో మందులో తాడో ఉంటే నేరుగా దగ్గరి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

బీమా గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. శరీర జబ్బులతో సమానంగా మానసిక వైద్యానికీ బీమా ఉండాలని 2017 చట్టం చెప్పింది నిజమే. కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, వారం వారం కౌన్సెలింగ్ ఫీజు జేబులోంచే. ఓపీ కవర్ ఉంటే రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా చూసుకోండి. విడాకుల కేసుకు ‘నార్సిసిస్ట్’ అని సర్టిఫికెట్ కావాలని కౌన్సెలింగ్‌లో చేరేవాళ్లుంటారు. అది దొరకదు, అడగ్గానే ఇచ్చే చోటు మంచిది కాదు.

ఫలితం చూడటానికి ఆర్నెల్లు ఆగాలి. సారీ చెప్పాడా లేదా అని చూడొద్దు, సారీలు ఆయనకు మొదటినుంచీ వచ్చు. గొడవ తర్వాత ఎన్నాళ్లు మాట మానేస్తున్నాడో, తప్పు ఎవరైనా ఎత్తిచూపితే ఆ పూట భోజనం బల్ల దగ్గర ఏం జరుగుతోందో చూడండి. పది రోజుల మౌనం రెండు రోజులకు తగ్గితే వైద్యం పనిచేస్తున్నట్టే. ఏమీ మారకపోతే కౌన్సెలర్‌తోనే ఆ మాట అని, సమాధానం వినండి. కౌన్సెలర్ని మార్చాల్సి వస్తే ఆ మనిషి చేతనే పాత చోట ఒక పేజీ సారాంశం అడిగించి తీసుకోండి. ఏ పద్ధతి, ఎన్ని సెషన్లు, ఏ మందులు, ఎక్కడ ఆగిందో అందులో ఉంటే కొత్తవాళ్లు మళ్లీ చిన్నతనం దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు.