పైపు గ్యాస్‌కి మార్చిన డల్లాస్ గ్రిల్: నాలుగేళ్ళ తర్వాత

మా గ్రిల్‌ని, అంటే చేపలూ రొయ్యలూ కాల్చే పొయ్యిని, సిలిండరు నుంచి పైపు గ్యాస్‌కి మార్చినందుకు బాధేం లేదు. కానీ మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టాల్సొస్తే ఈ గ్రిల్‌ని మార్చను, పైపు గ్యాస్ కోసమే తయారైన గ్రిల్ కొనుక్కుంటాను. నాలుగేళ్ళు వాడాక నా మాట ఇదే.

మా బావమరిది డల్లాస్ నుంచి కాకినాడ వచ్చేసినప్పుడు సామానంతా కంటైనర్లో దిగింది. అందులో ప్రొపేన్ మీద, అంటే అక్కడి సిలిండరు గ్యాసు మీద నడిచే నాలుగు బర్నర్ల గ్రిల్ ఒకటి. వాళ్ళ అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండు కుర్చీలేస్తే మనిషి నిలబడ్డానికి చోటుండదు. "బావగారూ, మీ మేడ మీద పెట్టించుకోండి" అని మాకు అంటగట్టాడు. మొదటి ఆదివారమే పులసని దీని మీద కాలుద్దామన్నాడు. మా ఆవిడ వాణ్ణి చూసిన చూపుకి ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు. అప్పట్నుంచి చందువా, పండుగప్ప, పెద్ద రొయ్యలే.

మొదట ఏడాదిన్నర సిలిండరు మీదే నడిపాం. అమెరికా ప్రొపేన్ గ్రిల్ 11 అంగుళాల ఎత్తు నీళ్ళని నిలబెట్టేంత గ్యాసు ఒత్తిడికి, అంటే సుమారు 27 మిల్లీబార్లకి తయారవుతుంది. మన సిలిండరు రెగ్యులేటరు ఇచ్చేది 30. దగ్గర దగ్గరే కాబట్టి గొట్టం, రెగ్యులేటరు ఇక్కడివి వేయిస్తే పని జరిగిపోయింది. బాధల్లా మోతదే. 14.2 కిలోల గ్యాసు, దాదాపు అంతే బరువున్న ఇనుము, ఇరవయ్యారు మెట్లు. పైగా నాలుగు బర్నర్లూ పెద్దమంట మీద పెడితే గంటకి కిలోకి కాస్త తక్కువ కాలిపోయేది. అంత గ్యాసు ఒక్కసారిగా లాగుతుంటే సిలిండరు చల్లబడి ఒళ్ళంతా చెమట పట్టేది, మంట నీరసించేది. రొయ్యలు సగం ఉడికాక గ్యాసైపోవడం మా ఇంట్లో ఒక ఆనవాయితీ.

ఇంతలో మా వీధికి పైపు గ్యాస్ వచ్చింది. నేను సంబరపడ్డాను, అమ్మ ససేమిరా అంది. అమ్మ పుట్టిల్లు మామిడికుదురు మండలం. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు రాత్రులు పట్టపగల్లా ఉండేవని ఇప్పటికీ చెబుతుంది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా పోయిన చోటు ఆవిడకి తెలిసిన మనుషుల ఊరే. "ఒరే, సిలిండరైతే ఎత్తి బయట పారేస్తాం. పైపుని ఏం చేస్తాంరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు చెప్పింది కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు. "అమ్మగారూ, ఇలా రండి" అని, వంపు తిరిగిన గాజు గొట్టంలో రంగునీళ్ళు పోసి పొయ్యి దగ్గరి పైపుకి తగిలించాడు. రెండు వైపుల నీళ్ళకీ తేడా జానెడు. "ఆ పెద్ద లైన్లో ఉండే ఒత్తిడి వేరండి, మీ వంటింట్లోకొచ్చేది ఇంతేనండి, 21 మిల్లీబార్లు. ఇది గాలికన్నా తేలికండి, కారినా పైకి పోద్ది. సిలిండరు గ్యాసు నేల మీద పేరుకుంటాదండి. కిటికీ పైన వెంటిలేటరు మాత్రం మూయకండి." అమ్మ సగం నమ్మింది. వెంటిలేటరుకి కట్టిన అట్టముక్క ఆ సాయంత్రమే తీయించింది.

అయితే ఆ జానెడు నీళ్ళే గ్రిల్‌కి అసలు సమస్య. పైపులో వచ్చేది ఎక్కువగా మీథేన్. అదే పరిమాణం తీసుకుంటే ప్రొపేన్ ఇచ్చే వేడిలో సగం కూడా ఇవ్వదు, ఒత్తిడీ తక్కువ. అంత వేడే కావాలంటే బర్నరు మొదట్లో గ్యాసు చిమ్మే ఇత్తడి జెట్టు రంధ్రం పెద్దదవ్వాలి. మిల్లీమీటరు రంధ్రం సుమారు 1.4 కావాలి. వినడానికి ఎంత తేలిక! వంటింటి పొయ్యికి వాళ్ళే జెట్లు మార్చారు. మేడ మీదికి ఇనుప పైపు లాగి, విడిగా వాల్వు పెట్టి, లీకు పరీక్ష కూడా చేశారు. గ్రిల్‌ని చూసి మాత్రం "ఇది మా లెక్కలోకి రాదండి" అని దండం పెట్టేశారు. గ్రిల్‌తో వచ్చిన పుస్తకంలోనూ వేరే గ్యాసుకి మార్చొద్దనే రాసుంది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

పొయ్యిలు బాగుచేసే ఒకాయన జెట్లు విప్పి, చేత్తో పట్టుకునే డ్రిల్లుతో అరగంటలో రంధ్రాలు పెంచి ఇచ్చాడు. రెండు బర్నర్లు పసుప్పచ్చగా, చిమ్నీ లేని కిరసనాయిలు దీపంలా మండాయి. మూడోది బర్నరుని వదిలి గాల్లో లేచి బుసకొట్టింది. ఆ రోజు చందువాకి మసాలా కన్నా మసే ఎక్కువ పట్టింది. అంత మసి పట్టిందంటే మంట సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతున్నట్టే. ఆరుబయట కాబట్టి బతికిపోయాం.

రెండోసారి జగన్నాథపురంలో పడవ ఇంజన్ల పని చేసే లేత్ షాపుకి వెళ్ళి, కొత్త ఇత్తడి జెట్లు కొలతకి తీయించాను. రంధ్రం నిట్టనిలువుగా, అంచు నున్నగా ఉంటే మంటలో ఎంత తేడా వస్తుందో అప్పుడు తెలిసింది. బర్నరు మూతి దగ్గర గాలి తలుపుని కొంచెం మూస్తే బుస తగ్గింది. నీలిమంట నిలబడింది. ఆ తర్వాత పైపు వేసిన కుర్రాణ్ణే బతిమాలి రప్పించి, అన్నీ వెలిగించి ఒత్తిడి చూపించుకుని, సబ్బునీళ్ళతో ప్రతి బిగింపూ పరీక్ష చేయించాను. అతను మెచ్చుకోలేదు, తిట్టలేదు. "వెలిగించి కిందకి మాత్రం పోకండి" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో డిసెంబరులో అర్థమైంది. నాబ్‌ని చిన్నమంటకి తిప్పితే గ్యాసు వెళ్ళేది వాల్వు లోపల ఉండే మరో సన్నటి దారి గుండా. అది ప్రొపేన్ కొలతది. జెట్లు మార్చినా అది మారలేదు. సముద్రం గాలి కాస్త విసిరితే చిన్నమంట ఠపీమని ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. ఆరితే దానంతటదే గ్యాసు ఆపుకునే ఏర్పాటు ఈ గ్రిల్‌కి లేదు. ఇప్పటికీ నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. చిన్నమంట వాడటం మానేశాం. నెమ్మదిగా ఉడకాల్సినవి ఉంటే ఒక చివర బర్నరు మధ్యమంట మీద పెట్టి, చేపని రెండో చివర ఉంచి మూత వేస్తాం.

వేడి సంగతి. మూత మీది ముల్లు 500 ఫారెన్‌హీట్, అంటే 260 డిగ్రీలు చేరడానికి సిలిండరు మీద పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు పద్నాలుగు. రుచిలో తేడా ఉందనేవాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని తినాలి. పొగ వాసన వచ్చేది వేడి పలకల మీద పడే నూనె చుక్కల వల్ల, గ్యాసు వల్ల కాదు. కొబ్బరిచిప్పల బొగ్గు రుచి దీనికి ఎలాగూ రాదు. మా వీధిలో డ్రైనేజీ కోసం తవ్వుతూ పైపు కొట్టేసి రెండ్రోజులు గ్యాసు ఆపినప్పుడు, ఆ బొగ్గు మీదే ఎనిమిదిమంది చుట్టాలకి పండుగప్ప కాల్చాం. అందరూ అదే బాగుందన్నారు. నాకు లోపల కాస్త మండింది.

ఖర్చుకొస్తే ఒక 14.2 కిలోల సిలిండరు వేడి సుమారు 17 యూనిట్ల (ఘనపు మీటర్ల) పైపు గ్యాసుతో సమానం. మా ఆదివారం వంటకి ఒక యూనిట్ దాటదు. డబ్బు మిగిలిందని చెప్పను, లేత్ షాపుకీ పైపుకీ పెట్టింది ఇంకా రాలేదు. మిగిలింది నా నడుము.

ఉప్పుగాలికి ఇనుప ఊచలు తుప్పు పడతాయి. కాల్చిన వెంటనే వేడి మీదే కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే ఆగుతుంది. ఇంకోటి, కందిరీగ. రెండు వారాలు వాడకపోతే బర్నరు గొట్టంలో మట్టిగూడు కట్టేస్తుంది. ఒకసారి మంట వెనక్కి తన్ని నాబ్ దగ్గర వెలిగింది. అప్పట్నుంచి గొట్టాలని సీసాలు కడిగే బ్రష్‌తో దులపందే వెలిగించను.

పాత ప్రొపేన్ జెట్లు నాలుగూ హార్లిక్స్ సీసాలో దాచాను. రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీ ఈ జూన్‌తో అయిపోతుంది, కొత్తది చెప్పాను. అమ్మ ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేకపోతోంది గానీ, నేను పైకి బయల్దేరితే చాలు సబ్బునీళ్ళ గిన్నె చేతిలో పెడుతుంది.